మిగిలిన కూర ఫ్రిజ్‌లో ఎన్నాళ్లు? లెక్క పొయ్యి ఆపిన దగ్గర్నుంచే

ఫ్రిజ్ తలుపు తీసి, స్టీలు గిన్నె మూత ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని "ఇది ఎప్పటిది?" అని అడగని ఇల్లు ఉండదు. "మొన్నటిదే" అంటారు ఒకరు. "కాదు, శుక్రవారానిది" అంటారు ఇంకొకరు. చివరికి వాసన బాగానే ఉందని తీర్పు చెప్పి పొయ్యి మీద పెట్టేస్తాం.

మా ఇంట్లో ఆ తీర్పు ఒకసారి ఘోరంగా తప్పింది. వేసవి సెలవులు, ఇంటి నిండా చుట్టాలు, పెద్ద తపేలాతో కోడికూర. మధ్యాహ్నం భోజనాలయ్యాక మిగిలింది పొయ్యి మీదే వదిలేసి అందరం కూలర్ ముందు నడుం వాల్చాం. సాయంత్రం ఆరింటికి గుర్తొచ్చి, తపేలాతో సహా ఫ్రిజ్‌లోకి తోశాను. మర్నాడు రాత్రి గోరువెచ్చగా చేసి వడ్డించాను. వాసనలో తేడా లేదు, రుచి ఇంకా పెరిగింది. తెల్లారేసరికి నలుగురం బాత్రూమ్ దగ్గర క్యూ కట్టాం. కూర ఫ్రిజ్‌లో ఉన్నది ఒక్క రోజే. అంతకుముందు పొయ్యి మీద ఉన్న ఐదు గంటలే కొంప ముంచాయి.

అందుకే "ఫ్రిజ్‌లో ఎన్నాళ్లు ఉంటుంది?" అన్నదానికి నేరుగా రోజులు చెప్పేస్తే సగం జవాబే అవుతుంది. ఫ్రిజ్ దేన్నీ బాగుచేయదు. చెడిపోవడాన్ని నెమ్మది చేస్తుంది, అంతే. ముందు గంటల సంగతి చూసి, తర్వాత రోజుల్లోకి వెళదాం.

వాసన చూసి తేల్చేయడం ఎందుకు పనికిరాదు

ఆహారాన్ని కంపు కొట్టించే, జిగురు పట్టించే సూక్ష్మక్రిములు వేరు. మనల్ని ఆసుపత్రి పాలు చేసేవి చాలావరకు వేరు. ఈ రెండో రకం కూరలో లక్షల్లో పెరిగినా రంగు, రుచి, వాసన ఏవీ మారకపోవచ్చు. పాచి కంపు వస్తే పారేయాల్సిందే. కానీ కంపు లేదు కాబట్టి తినొచ్చు అనుకోకూడదు.

ఇవి పెరిగే వేగం చూడండి. అనుకూలమైన వేడి దొరికితే కొన్ని రకాలు 20 నిమిషాలకోసారి రెట్టింపు అవుతాయి. అలా ఒక్కటి రెండు గంటల్లో 64 అవుతుంది, నాలుగు గంటల్లో నాలుగు వేలు దాటుతుంది, ఏడు గంటల్లో 20 లక్షలు దాటుతుంది. వాటికి అనుకూలమైన వేడి 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. మన వంటగది ఏడాది పొడుగునా అందులోనే ఉంటుంది.

"మళ్లీ బాగా మరిగిస్తే అన్నీ చస్తాయిగా?" అని మా అత్తయ్య అడుగుతుంటుంది. క్రిములు చస్తాయి, నిజమే. కానీ కొన్ని చచ్చేలోపు విషాన్ని వదిలేసి పోతాయి. చేతుల నుంచి, ముక్కు నుంచి ఆహారంలోకి చేరే స్టాఫిలోకాకస్, అన్నంలో పెరిగే బాసిల్లస్ సెరియస్ అలాంటివే. వాటి విషం పొయ్యి మీద ఎంత మరిగించినా పోదు. అందుకే పులిసిన పప్పుని మరిగించి, చింతపండు రసం పోసి "పప్పుచారు" అని పేరు మార్చినంత మాత్రాన అది బాగుపడదు.

మొదటి పని: ఫ్రిజ్ నిజంగా చల్లగా ఉందా?

బల్బు వెలుగుతోంది, సీసాలో నీళ్లు చల్లగా ఉన్నాయి అంటే సరిపోదు. లోపల 4 డిగ్రీలు, లేదా అంతకంటే తక్కువ ఉండాలి. ఫ్రిజ్ థర్మామీటర్ అని చిన్నది దొరుకుతుంది, ఖరీదు పెద్దగా ఉండదు. ఒక గ్లాసు నీళ్లలో దాన్ని వేసి, మధ్య అరలో రాత్రంతా ఉంచి పొద్దున్నే తలుపు తీయగానే చూడండి. మాది 9 చూపించినప్పుడు గతుక్కుమన్నాను. చలికాలంలో తగ్గించిన నాబ్‌ని వేసవి వచ్చినా ఎవరూ ముట్టుకోలేదు. చాలా ఫ్రిజ్‌లలో అంకె పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుంది. మీ మోడల్‌లో ఎలాగో ఒకసారి చూసుకోండి.

తలుపు చుట్టూ ఉండే రబ్బరు వదులైతే ఎంత నాబ్ తిప్పినా లాభం లేదు. పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు మార్చే వేళయిందన్నమాట. ఇక అరల్లో గాలాడేంత ఖాళీ వదలాలి. పండక్కి కొన్న కూరగాయలు, పూలదండలు, రెండు లీటర్ల కూల్‌డ్రింకులు కుక్కేసిన ఫ్రిజ్‌లో కూర గిన్నె చల్లబడటానికే గంటలు పడుతుంది. తలుపు అరలు అన్నిటికంటే వెచ్చగా ఉంటాయి. అక్కడ సాస్‌లు, నీళ్ల సీసాలు పెట్టుకోండి, పాలు, వండిన పదార్థాలు వద్దు.

పచ్చి మాంసం, చేపలు ఎప్పుడూ వండినవాటి కింద అరలోనే పెట్టాలి. పైనుంచి ఒక్క చుక్క రక్తపు నీరు మూత సరిగ్గా లేని పెరుగన్నంలో పడితే చాలు.

రెండో పని: పొయ్యి ఆపగానే టైము చూసుకోవడం

వండిన ఆహారాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చుట్టూ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే గడువని అమెరికా వ్యవసాయ శాఖ అంటుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో వంటగదిలో ఎంతుంటుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా మనకి గంట నియమమే. మిగతా నెలల్లో రెండు గంటలు.

ఈ గడువులో వడ్డించే టైము, తినే టైము, "ఆయన వచ్చాక తింటారు" అని బల్ల మీద ఉంచే టైము అన్నీ కలుస్తాయి. ఎవరైనా ఆలస్యంగా వస్తారని తెలిస్తే వాళ్ల వాటా ముందే తీసి ఫ్రిజ్‌లో పెట్టి, వచ్చాక వేడిచేయడం మేలు. హాట్‌బాక్స్‌లో పెట్టాం కదా అని ధీమా వద్దు. అది వేడిని పట్టి ఉంచుతుందే కానీ పుట్టించదు. పెట్టిన కొన్ని గంటలకి వేడి 60 డిగ్రీల కిందకి జారిపోయి, ఆ తర్వాత చాలాసేపు సూక్ష్మక్రిములకు ఇష్టమైన వెచ్చదనంలోనే నిలుస్తుంది. మధ్యాహ్నం హాట్‌బాక్స్‌లో పెట్టిన అన్నం రాత్రి "ఇంకా వెచ్చగానే ఉంది" అంటే అది మంచి మాట కాదు.

మూడో పని: త్వరగా చల్లార్చడం

మన ఇళ్లలో ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. వేడిగా పెడితే ఫ్రిజ్ పాడవుతుందని పెద్దవాళ్లు చెబుతారు కదా, పూర్తిగా చల్లారేదాకా ఆగుతాం. ఐదు లీటర్ల కుక్కర్ నిండా ఉన్న సాంబారు దానంతటది చల్లారాలంటే సాయంత్రం అవుతుంది. అలాగని పొగలు కక్కే తపేలాని లోపల పెట్టేస్తే పక్కనున్న పాలు, పెరుగు వేడెక్కుతాయి, తపేలా మధ్యభాగం మాత్రం గంటలు గడిచినా వెచ్చగానే ఉంటుంది.

మధ్యే మార్గం ఇదీ. మిగిలినదాన్ని వెంటనే చిన్న స్టీలు డబ్బాల్లోకి, రెండంగుళాల లోతు మించకుండా సర్దండి. స్టీలు వేడిని త్వరగా వదిలేస్తుంది, ఈ పనికి ప్లాస్టిక్ కంటే నయం. వెడల్పాటి బేసిన్‌లో చల్లటి నీళ్లు పోసి, ఉంటే ఐసు ముక్కలు వేసి, డబ్బాలను అందులో నిలబెట్టండి. మూత ఓరగా ఉంచి, మధ్య మధ్యలో శుభ్రమైన గరిటెతో కలపండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో పొగలు పోయి గోరువెచ్చగా అవుతుంది. ఆ గోరువెచ్చదనంతోనే లోపల పెట్టేయొచ్చు, ఇప్పటి ఫ్రిజ్‌లకి ఏమీ కాదు. కోడికూర, మటన్ లాంటివి పెద్ద గిన్నెలో నెమ్మదిగా చల్లారితే క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే క్రిమికి పండగే. మా ఇంట్లో ఆ వేసవి రాత్రి జరిగింది అదేనని నా అనుమానం. అన్నాన్ని అయితే వెడల్పాటి పళ్లెంలో పరిచి ఫ్యాను కింద పెడితే పది నిమిషాల్లో చల్లారుతుంది.

తింటున్న చేత్తో, ఎంగిలి గరిటెతో తీసినది దాచుకునే డబ్బాలో కలపొద్దు. ఎంగిలి పట్టింపు చాదస్తమనుకునేవాణ్ణి ఒకప్పుడు. ఈ విషయంలో మా నాయనమ్మదే రైటు.

నాలుగో పని: డబ్బా మీద తేదీ

రంగులు వేసేవాళ్లు వాడే మాస్కింగ్ టేపు ఒక చుట్ట కొని ఫ్రిజ్ పక్కన పెన్నుతో సహా పెట్టండి. "పప్పు, ఆదివారం మధ్యాహ్నం" అని రాసి అంటించండి. వండిన టైము రాయాలి, ఫ్రిజ్‌లో పెట్టిన టైము కాదు. డబ్బా లోపల పెట్టకముందే అంటించాలి, చెమర్చిన స్టీలుకి టేపు అంటదు. మొదట్లో ఇంట్లోవాళ్లు నవ్వారు. ఇప్పుడు టేపు లేని డబ్బాని ఎవరూ ముట్టుకోవడం లేదు.

ఇక మూడు రోజుల ముచ్చట

4 డిగ్రీల ఫ్రిజ్‌లో, త్వరగా చల్లార్చి పెట్టిన వండిన ఆహారానికి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే గడువు 3 నుంచి 4 రోజులు. మన ఇళ్లలో ఫ్రిజ్ తలుపు రోజుకి ముప్పైసార్లు తెరుచుకుంటుంది, కరెంటు పోతుంది, కాబట్టి నేను మూడు రోజులకే గీత గీస్తాను. ఆదివారం మధ్యాహ్నం వండింది బుధవారం మధ్యాహ్నంతో సరి. ఇది పైగీత మాత్రమే. చాలా వంటలకి అంతకంటే ముందే ఆపాలి.

అన్నం సంగతి ముందు. అన్నాన్ని అమాయకమైనదనుకుంటాం కానీ మిగిలినవాటిలో నేను ఎక్కువ భయపడేది దానికే. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ బీజాలు ఎసట్లో ఉడికినా చావవు. అన్నం బయట వెచ్చగా ఉంటే మొలకెత్తి, పైన చెప్పిన విషాన్ని వదులుతాయి. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ అన్నానికి ఇచ్చే గడువు ఫ్రిజ్‌లో కూడా ఒక్క రోజే. రాత్రి వేళకి ఫ్రిజ్‌లోకి వెళ్లిన అన్నాన్ని పొద్దున్నే పోపు పెట్టుకోండి, బాగుంటుంది. రాత్రంతా కుక్కర్‌లోనే ఉండిపోయినదానికి మాత్రం ఎన్ని ఉల్లిపాయలు వేయించినా వద్దు.

మరి చద్దన్నం? అని అడుగుతారు. చద్దన్నం అంటే మర్చిపోయిన అన్నం కాదు, చేసిన అన్నం. చల్లారిన వెంటనే నీళ్లు పోసి, మజ్జిగ తోడు వేసి పులియబెడతారు. ఆ పులుపు చాలా క్రిములను పెరగనివ్వదు. ఆ పద్ధతిగా చేసుకుంటే మా ఇంట్లోనూ ఇష్టమే, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో. చిన్నపిల్లలకి, ఒంట్లో బాగోనివాళ్లకి మాత్రం నేను పెట్టను.

పులిహోరకి చింతపండు పులుపు కొంత కాపలా కాస్తుంది, అందుకే ప్రయాణాలకి కట్టించేవాళ్లు. ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజుల దాకా చూస్తాను. అదే పులుపు లేని కొబ్బరన్నం, పలావు మామూలు అన్నం లెక్కే. బిర్యానీ కూడా అంతే. అందులో ముక్కకి మూడు రోజులు చెప్పినా, కలిసి ఉన్నది అన్నంతో కాబట్టి గడువు అన్నానిదే, అంటే మర్నాటికల్లా తినేయాలి. పార్సిల్ బిర్యానీతో ఇంకో చిక్కు ఉంది. దమ్ ఎప్పుడు దించారో, బండి మీద ఎంతసేపు తిరిగిందో మనకి తెలియదు. ఇంటికి రాగానే ఎంత తింటామో అంత తీసుకుని మిగతాది అప్పుడే లోపల పెట్టేయండి, తిన్నాక చూద్దాం అనొద్దు.

ముద్దపప్పు, ఆకుకూర పప్పు, సాంబారు బయట చాలా త్వరగా పులుస్తాయి. వేసవి మధ్యాహ్నం వండిన పప్పు సాయంత్రానికి గరిటెకి తీగ సాగుతుందని అందరికీ తెలుసు. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఆగుతాయి. చారు, పులుసులు కూడా మూడు రోజులు. వేపుళ్లు మూడు రోజులు, రుచి మాత్రం రెండో రోజుకే పోతుంది. కొబ్బరి పచ్చడి మర్నాటితో సరి. హోటల్ నుంచి ఇడ్లీతో వచ్చిన చట్నీని నేను అసలు దాచను.

కోడి, మటన్ కూరలు మూడు రోజులు. "చేపల పులుసు మర్నాటికే రుచి" అని గోదావరి జిల్లాల్లో అనేది నిజమే, ఉప్పూ పులుపూ ముక్కకి పట్టేది అప్పుడే. పూర్వం మట్టి దాకలో గట్టు మీదే ఉంచేవారు. ఇప్పుడు చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచినా ఆ రుచి ఎక్కడికీ పోదు. మా ఇంట్లో చేపలకి, రొయ్యలకి రెండు రోజులే. ఒక జాగ్రత్త చెప్పాలి: కానాగంతల్లాంటి చేపలు పచ్చిగా ఉన్నప్పుడే ఎండన పడి ఉంటే వాటిలో హిస్టమిన్ పేరుకుంటుంది, వండినా పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి దురదలు వస్తాయి. అక్కడ తప్పు ఫ్రిజ్‌ది కాదు, కొన్న చోటుది.

పెంకుతో ఉన్న ఉడికించిన గుడ్డు వారం ఆగుతుంది. ఒలిచాక ఒకటి రెండు రోజుల్లో తినేయాలి. గుడ్డు కూరకి మూడు రోజులు. ఇడ్లీ, దోసె పిండి వేరే జాతి. పులియబెట్టినది కాబట్టి నాలుగైదు రోజులు ఆగుతుంది, తర్వాత పులుపు తట్టుకోలేకపోవడమే సమస్య. గులాబీ, నలుపు మచ్చలు కనిపిస్తే పైపైన గోకేసి వాడొద్దు, మొత్తం పారేయాలి. పెసరట్టు పిండిని పులియబెట్టం, అది మర్నాటికే. పాయసం, పరమాన్నం రెండు రోజులు. కోసిన పుచ్చకాయని కూడా మిగిలిన వంటలాగే చూడాలి, మూత పెట్టి రెండు మూడు రోజుల్లో ముగించాలి.

వేడిచేసేటప్పుడు

నా కోడికూర కథలో రెండో తప్పు ఇదే. అన్నంలోకి కాస్త వెచ్చగా ఉంటే చాలనుకున్నాను. మధ్యదాకా 74 డిగ్రీలు చేరాలి. థర్మామీటర్ లేకపోతే కూర అంచుల్లో కాదు, నడిమధ్యలో తుకతుక ఉడకాలి. ముక్కల కూర అయితే అడుగు నుంచి కలుపుతూ రెండు మూడు నిమిషాలు ఉడకనివ్వండి. మైక్రోవేవ్ ఒకచోట కాల్చి ఇంకోచోట చల్లగా వదిలేస్తుంది, కాబట్టి మూత పెట్టి, సగంలో ఆపి కలిపి, అయ్యాక రెండు నిమిషాలు అలాగే ఉంచండి.

తినేంత వరకే తీసి వేడిచేయాలి. మొత్తం గిన్నె వేడిచేసి, సగం తిని, మళ్లీ లోపల పెట్టి, మర్నాడు మళ్లీ వేడిచేస్తే ఆహారం ప్రతిసారీ ఆ ప్రమాదకరమైన వెచ్చదనం గుండా రెండుసార్లు పోతుంది. ఒకసారి వేడిచేసినది ఆ పూటే అవగొట్టండి. చిన్న డబ్బాల్లో దాచుకుంటే ఈ బాధే ఉండదు.

ఫ్రీజర్‌లో పెట్టాలంటే మొదటి రోజే

మూడో రోజు సాయంత్రం "ఇక పాడవుతుందేమో" అని ఫ్రీజర్‌లోకి మార్చడం చాలామంది చేసే పని. ఫ్రీజర్ క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుంది. మూడు రోజుల వయసున్న కూర బయటికి తీస్తే మూడు రోజుల వయసుతోనే లేస్తుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర కూరలు, పప్పులు రెండు మూడు నెలలు రుచి పోకుండా ఉంటాయి. అమెరికాలోనో, బెంగళూరులోనో ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారమే వారానికి సరిపడా వండుకునేవాళ్లు సోమ, మంగళవారాల వాటా ఫ్రిజ్‌లో, మిగతాది ఆదివారం రాత్రే ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. కావాల్సిన ముందురోజు రాత్రి ఫ్రీజర్ నుంచి కింది అరలోకి దించుకుంటే పొద్దుటికి కరుగుతుంది. సింకులో పెట్టి ఆఫీసుకి వెళ్లిపోవద్దు.

కరెంటు పోతే తలుపు తీయకండి. మూసి ఉన్న ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు. ఊరెళ్లేటప్పుడు నేను ఒక చిట్కా పాటిస్తాను: ఫ్రీజర్‌లో గడ్డకట్టిన గ్లాసు నీళ్ల మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి వెళతాను. వచ్చాక బిళ్ల అడుగున ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. అప్పుడు లోపలున్న మాంసం, కూరలు పారేయడమే.

ఎవరి విషయంలో గీత ఇంకా ముందుకి జరపాలి

గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, పెద్దవయసువాళ్లు, కీమో లాంటి చికిత్సలో ఉన్నవాళ్లకి ఆ పూట వండినదే పెట్టండి, మహా అయితే మర్నాటిది బాగా ఉడికించి. లిస్టీరియా అనే క్రిమి ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది, గర్భిణికి అది సోకితే బిడ్డకే ప్రమాదం.

పారేయాలంటే మనసొప్పదు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని పెరిగినవాళ్లం. అయితే మనం తినడానికి జంకిన నాలుగో రోజు కూరని డబ్బాలో పెట్టి పనమ్మాయి చేతికివ్వడం మాత్రం పుణ్యం కింద రాదు. ఇవ్వాలనుకుంటే వండిన గంటలోనే, మనం తినే వేళకే ఇవ్వాలి.

అనుమానం తీర్చుకోవడానికి నాలుక మీద వేసుకుని చూడటం కూడా వద్దు. పొరపాటున తినేశారనుకోండి. అన్నంలోని విషమైతే అరగంట నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. మాంసం కూరతో వచ్చేది సాధారణంగా 6 నుంచి 24 గంటల్లో, కడుపునొప్పి, విరేచనాలతో బయటపడుతుంది. చాలావరకు ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. విరేచనంలో రక్తం కనిపించినా, జ్వరం 102 ఫారెన్‌హీట్ దాటినా, తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గిపోయినా, మూడు రోజులైనా ఆగకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గర్భిణి, పసిపిల్లలు, ముసలివాళ్ల విషయంలో ఇవేవీ కనిపించేదాకా ఆగొద్దు. వెళ్లేటప్పుడు ఏం తిన్నారు, అది ఎప్పుడు వండింది అన్నది గుర్తుపెట్టుకుని వెళ్లండి. డబ్బా మీద టేపు ఉంటే ఆ జవాబు రాసే ఉంటుంది.